జోసెఫ్ లూయీ గే-లుసాక్

జోసెఫ్ లూయీ గే-లుసాక్ (1778 డిసెంబరు 6 – 1850 మే 9) ఫ్రాన్సు దేశానికి చెందిన సుప్రసిద్ధ రసాయన, భౌతిక శాస్త్రవేత్త. వాయువుల ధర్మాలపై ఇతడు చేసిన పరిశోధనలు పాఠ్యపుస్తకాలలో స్థిరపడినవి. అయితే ప్రయోగశాలలో అడుగుపెట్టిన ప్రతి విద్యార్థి పలికే బ్యూరెట్టు, పిపెట్టు అనే పేర్లను వ్యాప్తిలోకి తెచ్చినది కూడా ఇతడేనని చాలామందికి తెలియదు.

బాల్యము, విద్య

ఇతడు సెయింట్ లియోనార్డ్ అనే ఊరిలో జన్మించాడు. న్యాయవాది అయిన తండ్రి ఫ్రెంచి విప్లవకాలంలో నిర్బంధింపబడ్డాడు. 1797లో పారిస్‌లోని ఎకోల్ పాలిటెక్నిక్‌లో చేరి, తరువాత బెర్తొలే వద్ద సహాయకుడయ్యాడు.

వాయువులపై పరిశోధనలు

వేడిచేసినపుడు వాయువులన్నీ ఒకే నిష్పత్తిలో వ్యాకోచిస్తాయని 1802లో ప్రకటించాడు. తనకంటే ముందు ఛార్లెస్ ఇది గమనించెనని తానే తెలియజేయుటచే ఆ నియమానికి ఛార్లెస్ పేరు నిలిచినది. 1804 సెప్టెంబరు 16న ఒంటరిగా బెలూనులో సుమారు 7,000 మీటర్ల ఎత్తుకు ఎగసి, అక్కడి గాలిని సీసాలలో పట్టి తెచ్చి పరీక్షించగా దాని కూర్పు నేలమీది గాలి వలెనే ఉన్నది. వాయువులు సరళ ఘనపరిమాణ నిష్పత్తులలో సంయోగం చెందుతాయనే నియమాన్ని 1808లో వెల్లడించాడు. అదే సంవత్సరం థెనార్‌తో కలిసి బోరాన్‌ను వేరుచేశాడు. పొటాషియంతో ప్రయోగాలు చేయుచుండగా సంభవించిన విస్ఫోటనంలో ఇతని కన్నులు దెబ్బతిని కొంతకాలం చూపు కోల్పోయాడు.

కొలత గాజుపాత్రలు

గీతలు గుర్తించిన గొట్టాన్ని ద్రావణాల పరీక్షకు డెక్రోజీల్ అంతకుముందే వాడాడు. గే-లుసాక్ దానిని మెరుగుపరచి, 1824లో విరంజన చూర్ణపు బలాన్ని నీలిమందు ద్రావణంతో నిర్ణయించే పద్ధతిని వివరిస్తూ ఈ పేర్లను ఉపయోగించాడు. ఫ్రెంచి భాషలో బ్యూరెట్టు అనగా చిన్న కూజా, పిపెట్టు అనగా చిన్న గొట్టము. ఇతని బ్యూరెట్టుకు నేటివలె అడుగున కుళాయి లేదు. ప్రక్కన అమర్చిన సన్నని గొట్టం గుండా పాత్రను వంచి చుక్కలుగా పోయవలెను. దీనికి చేతి నేర్పు బాగా కావలసి ఉండేది. అడుగునుండి వదిలే విధానాన్ని ప్రచారంలోకి తెచ్చినవాడు జర్మనీకి చెందిన మోర్.

రెండు పాత్రల ప్రయోజనము వేరు. పిపెట్టు ఒక నిర్ణీత పరిమాణాన్ని మాత్రమే ఖచ్చితంగా అందిస్తుంది. బ్యూరెట్టు ఎంత ఖర్చయినదో చూపుతుంది. రంగులేని ద్రవమైనచో పల్లముగా వంగిన పైతలపు అడుగును, కంటిని అదే మట్టంలో ఉంచి చదువవలెను. కన్ను పైనుండి చూచినచో మట్టము ఎక్కువగాను, క్రిందినుండి చూచినచో తక్కువగాను కనిపించును.

టంకశాలలో

1829లో ఇతడు పారిస్ టంకశాలలో ప్రధాన పరీక్షకుడయ్యాడు. అప్పటివరకు వెండిని మూసలో సీసంతో కరిగించి పరీక్షించేవారు. అందులో కొంత వెండి నష్టమై, అసలుకంటే తక్కువ లెక్క తేలేది. ధనాగారానికి ఇది చిన్న విషయం కాదు. 1832లో ఇతడు ప్రకటించిన తడి పద్ధతిలో, సుమారు ఒక గ్రాము వెండి గల నమూనాను నత్రికామ్లంలో కరిగించి, 100 మి.లీ. ఉప్పు ద్రావణాన్ని పిపెట్టుతో చేర్చేవారు. ఆ ద్రావణం సరిగా ఒక గ్రాము వెండిని అవక్షేపింపజేయును. గట్టిగా కుదిపి తేరనిచ్చిన తరువాత, పదిరెట్లు పలుచని ద్రావణాన్ని 1 మి.లీ. చొప్పున, మసక ఏర్పడుట మానే వరకు చేర్చేవారు. ఒక్కొక్క మి.లీ. ఒక మిల్లీగ్రాము వెండికి సమానము.

ఇతర విషయాలు

మద్యసార శాతాన్ని కొలిచే మానము, గంధకామ్ల పరిశ్రమలో వాడిన గోపురము ఇతని పేరుమీదనే ఉన్నవి. 1831లో ప్రతినిధుల సభకు ఎన్నికయ్యాడు. పారిస్‌లో మరణించిన ఇతని సమాధి పేర్ లాషేజ్ శ్మశానవాటికలో ఉన్నది. ఈఫిల్ గోపురంపై చెక్కిన 72 పేర్లలో ఇతనిది ఒకటి.