తెలుగు సువార్త వెనుక ఒక చదువరి

మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో బైబిలు లేని విశ్వాసి ఇల్లు దాదాపు కనిపించదు. కొన్ని ఇళ్లలో రెండు మూడు కూడా ఉంటాయి. పెళ్లిలో ఇచ్చినది ఒకటి, బాప్తిస్మం రోజున ఇచ్చినది ఒకటి, పిల్లలకు సండేస్కూలు బహుమతిగా వచ్చినది మరొకటి. జిప్పు కవరులో భద్రంగా పెట్టిన ఆ గ్రంథం ఆదివారం ఉదయం బయటికి వస్తుంది. ఆరాధన ముగిశాక మళ్లీ బీరువా మీదికి చేరుతుంది. మిగిలిన ఆరు రోజులూ దానికి విశ్రాంతి దినాలే!

ఇది ఎవరినో నిందించడానికి అంటున్న మాట కాదు. సేవకుడినైన నేను కూడా ఇందులో దోషినే. వేదాంత విద్యార్థిగా ఉన్న రోజుల్లో రోజుకు ఇన్ని అధ్యాయాలని లెక్క పెట్టుకొని, పట్టికలో గీతలు కొట్టుకుంటూ బైబిలు చదివాను. ఏడాది ముగిసేసరికి గ్రంథమంతా పూర్తయింది. గీతలన్నీ సరిగ్గా ఉన్నాయి. గుండెలో మాత్రం ఏ గీతా పడలేదు. పరిచర్యలోకి వచ్చాక ఇంకో జబ్బు పట్టుకుంది. ప్రసంగం కోసం తప్ప బైబిలు తెరవని వారాలు గడిచిపోయేవి. వడ్డించేవాడు ఆకలితో ఉండిపోవడమంటే ఏమిటో అప్పుడే నాకు తెలిసింది.

అలాంటి రోజుల్లో నన్ను నిలబెట్టి ప్రశ్నించిన జీవితం ఒకటుంది. తెలుగు క్రైస్తవ చరిత్రలో ఆనందరాయర్‌గా పేరు నిలిచిన ఒక బ్రాహ్మణుని జీవితమది. తెలుగులో అచ్చయిన తొలి సువార్తల వెనుక ఉన్న తెలుగు చేయి ఆయనదే.

ఆయన అసలు పేరు సుబ్బరాయర్. మరాఠీ కుటుంబం, ఉంటున్నది తెలుగు నేల. స్వస్థలం నొస్సం. రెండు భాషలూ చక్కగా రాయగల నేర్పరి. టిప్పు సుల్తాన్ సైన్యంలో ఒక పటాలానికి లెక్కలు రాసేవాడు. 1799లో టిప్పు మరణించాక ఒక ఆంగ్లేయ అధికారి దగ్గర అదే పనిలో చేరాడు. కొలువుంది, కుటుంబముంది, ఆస్తి ఉంది. అయితే ఆయన మనసులో నిత్యానందం కోసం ఒక తీరని వెదుకులాట ఉంది. పొద్దంతా పటాలం లెక్కలు సరిచూసే మనిషికి తన బతుకు లెక్క మాత్రం తేలలేదు.

ఒక పెద్దాయన సలహా మీద ఆయన ఒక ప్రార్థనను నాలుగు లక్షల సార్లు జపించడానికి పూనుకున్నాడు. గుడిలో ఉండి, ఎన్నో కఠిన నియమాలు పాటిస్తూ, చెప్పిన సంఖ్య తగ్గకూడదని దానికి మించి కూడా జపించాడు. ఆరు నెలలు గడిచాయి. తాను కోరిన శాంతి దొరకలేదని గ్రహించి ఇంటిదారి పట్టాడు.

ఇక్కడ మనం కాస్త ఆగాలి. ఆ సాధనను చిన్నచూపు చూసే హక్కు మనకు లేదు. ఆరు నెలలపాటు ఒక్క రోజు తప్పకుండా దేవుని వెదకడానికి కూర్చునే పట్టుదల మనలో ఎంతమందికి ఉంది? ఉదయం పది నిమిషాలు వాక్యం ముందు కూర్చోమంటే మనకు పాలవాడు గుర్తొస్తాడు, బస్సు గుర్తొస్తుంది, సెల్‌ఫోను మోగుతుంది. ఆయన క్రమశిక్షణ ముందు మనం తలవంచక తప్పదు. క్రమశిక్షణ ఉన్నా ఆయన దాహం తీరలేదన్న సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. సంఖ్య ఒక్కటే ఆత్మకు అన్నం పెట్టదు. ఈ మాట నాలుగు లక్షల జపానికి ఎంత వర్తిస్తుందో, పట్టికలో గీతలు కొట్టిన నా బైబిలు చదువుకీ అంతే వర్తిస్తుంది.

ఇంటికి వెళ్లే దారిలో ఆయనకు ఒక రోమన్ కేథలిక్ విశ్వాసి ఎదురయ్యాడు. ఇద్దరూ దేవుని సంగతులు మాట్లాడుకున్నారు. ఆ విశ్వాసి ఆయన చేతిలో క్రైస్తవ మార్గం గురించిన రెండు తెలుగు పుస్తకాలు పెట్టాడు. సుబ్బరాయర్ వాటిని శ్రద్ధగా చదివాడు. నచ్చితే అంగీకరించాలని, అంతకుముందు ఇంకా బాగా తెలుసుకోవాలని నిశ్చయించుకున్నాడు. ఆయన మార్పు ఒక్క రాత్రిలో జరగలేదు. చదువుతూ, అడుగుతూ, ఆలోచిస్తూ మెల్లగా ముందుకు నడిచాడు. పౌలు బోధించినది నిజమో కాదోనని ప్రతిదినం లేఖనాలు పరిశోధించిన బెరయ వారిని అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం మెచ్చుకుంటుంది. సుబ్బరాయర్ ఆ బెరయ వారి కోవకు చెందినవాడు.

ఆయన ఒక కేథలిక్ గురువును ఆశ్రయించాడు. ఆ గురువు తొందరపడలేదు. ముందు ఇంటికి వెళ్లి భార్యను, బంధువులను కలుసుకొని రమ్మన్నాడు. ఆ మాట మన్నించి ఆయన ఇంటికి వెళ్లాడు. అయినవాళ్లు కంగారుపడిపోయారు. కులానికి, వంశానికి మచ్చ వస్తుందని భయపడ్డారు. పెద్ద మొత్తంలో డబ్బు ఇస్తామన్నారు, ఇంటి ఆస్తి పెత్తనమంతా ఆయన చేతికే అప్పగిస్తామన్నారు. అంకెల విలువ బాగా తెలిసిన లెక్కల మనిషి ఆ బేరానికి లొంగలేదు. ఆత్మరక్షణే తనకు మిన్న అని చెప్పి బయలుదేరాడు. భార్య వెంట రాలేదు. రావడానికి ఆమెకు ఇష్టమూ లేదు, బంధువులు అనుమతీ ఇవ్వలేదు. ఒంటరిగానే తిరిగి వెళ్లాడు.

అప్పుడు కూడా గురువు సందేహించాడు. జంధ్యం తీసి ఇచ్చేందుకు, జుట్టు తీయించుకునేందుకు సుబ్బరాయర్ సిద్ధపడ్డాడు. ఆ తరువాత వెనక్కి వెళ్లే దారి ఉండదని ఆయనకు తెలుసు. ఆ స్థిరత్వం చూసి గురువు ఆయనకు బోధించి బాప్తిస్మమిచ్చాడు. సుబ్బరాయర్ ఆనందరాయర్ అయ్యాడు. నిత్యానందం వెదుకుతూ బయలుదేరిన మనిషికి ఆ పేరే దక్కడం ఎంత చక్కని సంగతి!

కొన్నాళ్లకు ఆయన పాండిచ్చేరి వెళ్లాడు. అక్కడ చాలా విషయాల్లో ఆయన ఆశించినది దొరకలేదు. కానీ మరో గొప్ప సంతోషం దొరికింది. బంధువుల మధ్య ఎన్నో బాధలు పడిన ఆయన భార్య, చివరికి భర్తతోనే ఉండాలని నిర్ణయించుకొని అక్కడికి వచ్చి చేరింది. మన సంఘాల్లో విశ్వాసం కారణంగా ఇంటిలో ఎడబాటు అనుభవించిన అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు ఈ ఒక్క సంగతి చదివినా ధైర్యం తెచ్చుకుంటారు.

తరువాత ఆయన తరంగంబాడి చేరాడు. డేన్మార్కు వారి ఆధీనంలో ఉన్న ఆ సముద్రతీర పట్టణంలో 1706 నుంచే ప్రొటెస్టెంట్ పరిచర్య సాగుతోంది. తమిళంలో కొత్త నిబంధన 1715 నాటికే అక్కడ అచ్చయింది. ఆనందరాయర్ జీవితంలో మొదటిసారి బైబిలును కళ్లారా చూసింది అక్కడే. ఎంత ఆలస్యం చూడండి! జపం చేసి, పుస్తకాలు చదివి, ఆస్తి వదులుకొని, బాప్తిస్మం పొంది, ఇన్ని ఊళ్లు తిరిగాక గాని ఆయనకు పరిశుద్ధ గ్రంథం దొరకలేదు. దొరికింది కూడా తన మాతృభాషలో కాదు, తమిళంలో.

దొరికిన గ్రంథాన్ని ఆయన వదల్లేదు. అక్కడి సేవకులు మొదట ఆయనను అనుమానంగానే చూశారు. నెలల తరబడి మాట్లాడి, ఆయన నడవడి గమనించి, తృప్తిపడి ప్రభువు బల్లలో చేర్చుకున్నారు. ఆరాధనలకు తప్పక హాజరు కావడం, మరీ ముఖ్యంగా బైబిలు అధ్యయనం చేయడం ఆయన నిత్యకృత్యమైంది. అంతటితో ఆగలేదు. చదివినదాన్ని తమిళం నుంచి తెలుగులోకి రాయడం మొదలుపెట్టాడు. అన్నం రుచి తెలిసినవాడు ఇంట్లోవాళ్లకు మూటగట్టి తీసుకెళ్లకుండా ఉండగలడా? మద్రాసులోనో తంజావూరులోనో మంచి కొలువు ఇప్పిస్తామని మిత్రులు చెప్పినా ఆయన ఒప్పుకోలేదు. తెలుగువారి మధ్య పనికి వస్తే చాలనుకున్నాడు.

సరిగ్గా ఆ సమయంలో మన ఉత్తరాంధ్ర తీరంలో ఇద్దరు యువకులు తెలుగు అక్షరాలతో కుస్తీ పడుతున్నారు. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ డె గ్రాంజెస్ వారు. మిషనరీల రాక ఈస్టిండియా కంపెనీకి ఇష్టం లేని కాలమది. అందుకే వారు డేన్మార్కు మీదుగా తరంగంబాడికి వచ్చి, 1805లో విశాఖపట్నం చేరారు. బడి పెట్టారు, భాష నేర్చుకున్నారు. సువార్తను తెలుగులో అందించాలన్నది వారి తపన. అయితే నేర్చుకున్న భాష వేరు, ఉగ్గుపాలతో వచ్చిన భాష వేరు. 1808లో ఆనందరాయర్ వారిని చేరుకున్నాడు. ఆ కొరత తీరింది.

అనువాదకుడిని మించిన నెమ్మది చదువరి లోకంలో ఉండడు. మనం ఒక అధ్యాయాన్ని అయిదు నిమిషాల్లో దాటిపోతాం. అనువాదకుడు ఒక్క మాట దగ్గర అరపూట కూర్చుంటాడు. ఈ మాటకు అర్థమేమిటి, మా ఊరివాళ్లకు ఇది ఎలా చెబితే తెలుస్తుంది అని తనను తాను అడుగుతాడు. ఒకప్పుడు లక్షల్లో లెక్కించిన మనిషి ఇప్పుడు ఒక్కొక్క మాటనే తూచుతున్నాడు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు ఆ విధంగా తెలుగు రూపం దాల్చాయి.

ఆ పనికి చెల్లించిన వెల తక్కువది కాదు. క్రాన్ ఉత్తరాదికి ప్రయాణమై వెళ్లి జబ్బుపడి 1809 జనవరిలో కన్నుమూశాడు. ఆయన ప్రాణం విడిచినది ఆంగ్లేయులు చికాకోల్ అని పిలిచిన మన శ్రీకాకుళంలోనే. ఏడాదిన్నర తిరిగేసరికి, 1810 జూలైలో డె గ్రాంజెస్ కూడా ప్రభువు సన్నిధి చేరాడు. మూడు సువార్తలు బెంగాలులోని శ్రీరాంపూర్‌లో అచ్చయినది 1812లో. అచ్చు పుస్తకాన్ని ఆ ఇద్దరిలో ఒక్కరూ చేతితో తాకలేదు. వారు మొదలుపెట్టిన పనిని విశాఖలోనే ఎడ్వర్డ్ ప్రిట్చెట్ కొనసాగించగా 1818లో మద్రాసులో తెలుగు కొత్త నిబంధన వెలువడింది. సంపూర్ణ తెలుగు బైబిలు 1854లో వచ్చింది. నేడు మన చేతిలో ఉన్న గ్రంథం ఒక రోజులో వచ్చింది కాదు.

ఆనందరాయర్ కథ ఆయన బతికున్న కాలంలోనే సముద్రాలు దాటింది. క్లాడియస్ బుకానన్ 1811లో ప్రచురించిన తన గ్రంథంలో దాన్ని వివరంగా రాశాడు. దూరదేశాల విశ్వాసులు చదివి దేవుణ్ణి స్తుతించారు. ఆయన కష్టఫలాన్ని నేరుగా అనుభవిస్తున్న మనలో మాత్రం ఆయన పేరు తెలిసినవారు కొద్దిమందే.

ప్రియ పాఠకులారా, ఈ జీవితం మన ముందు పెట్టే ప్రశ్న ఒకటే. వాక్యం దొరకని రోజుల్లో ఆయన దాని కోసం ఊళ్లు తిరిగాడు. వాక్యం ఇంట్లోనే ఉన్న రోజుల్లో మనం దాని దగ్గరికి ఎన్ని అడుగులు వేస్తున్నాం?

అనుదిన వాక్యపఠనం అలవాటు కావాలంటే పెద్ద పెద్ద తీర్మానాలు అక్కర్లేదు. జనవరి ఒకటిన ఆదికాండముతో ఉత్సాహంగా మొదలుపెట్టి, లేవీయకాండము దగ్గర ఆగిపోయినవారు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. అలాంటివారికి నా సలహా ఏమిటంటే, కొద్దిగా చదవండి, రోజూ చదవండి. ఒక సువార్తతో మొదలుపెట్టండి. రోజుకు పదిహేను వచనాలు చాలు. పొలానికి వెళ్లేవారు తెల్లవారుజామున, జనపనార మిల్లులో షిఫ్టు పని చేసేవారు డ్యూటీ దిగాక, ఎవరి బతుకుకు సరిపడే సమయం వారు పెట్టుకోండి. సమయం ఏదైనా అది రోజూ ఒకటే అయి ఉండాలి. గొంతు విప్పి చదవండి, కళ్లు దాటేసిన మాటను చెవి పట్టుకుంటుంది. చదివాక ఈ రోజు నేను మార్చుకోవలసినది ఏమిటని ఒక్క ప్రశ్న వేసుకోండి. ఒక రోజు తప్పిపోతే కుంగిపోకండి, బాకీ తీర్చాలని మర్నాడు పరుగులు తీయకండి. నిన్నటి అన్నం మానేశామని ఈ రోజు రెండింతలు తినం కదా!

మా సంఘంలో ఒక వృద్ధురాలికి అక్షరం ముక్క రాదు. కొడుకు, కోడలు పని కోసం వలస వెళ్లారు. మనవడు ఆమె దగ్గర ఉండి చదువుకుంటున్నాడు. ప్రతి సాయంత్రం ఆ పిల్లవాడు ఒక అధ్యాయం చదివితే గాని ఆమె గిన్నెలో అన్నం పెట్టదు. కొన్నాళ్ల కిందట వాళ్లింటికి వెళ్లినప్పుడు తప్పిపోయిన కుమారుని కథను ఆమె నాకు తన మాటల్లో చెప్పింది. తండ్రి దూరంనుంచే కొడుకును చూశాడన్న చోట ఆమె గొంతు పూడుకుపోయింది. వలస వెళ్లిన కొడుకు దారి కాసే తల్లి ఆమె. ఆ వచనం నేను ఎన్నో ప్రసంగాల్లో వాడాను. ఆ రోజు మాత్రం అది మొదటిసారి విన్నట్టు అనిపించింది. ఇంటికొచ్చి లూకా సువార్త తెరిచి, ప్రసంగం కోసం కాకుండా నాకోసం చదువుకున్నాను.

ఆ కథ ఉన్నది లూకా 15వ అధ్యాయంలో. ఆనందరాయర్ తెలుగులోకి తెచ్చిన మూడు సువార్తల్లో లూకా ఒకటి. రెండు వందల ఏళ్లకు పైబడిన కిందట విశాఖ తీరాన ఆయన కూర్చుని పడిన శ్రమ ఒక పల్లె గుమ్మంలో ఒక తల్లికి ఇంకా అన్నం పెడుతూనే ఉంది. ఈ సాయంత్రం మన ఇంట్లో కూడా ఆ గ్రంథాన్ని బీరువా మీదినుంచి కిందికి దించుదాం. దుమ్ము దులిపి, జిప్పు తీసి, ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని పదిహేను వచనాలు చదువుదాం. రేపు కూడా అదే వేళకు మళ్లీ కూర్చుందాం.