కణశక్తి అన్వేషి యల్లాప్రగడ సుబ్బారావు

ఆత్మీయుల మరణం కొందరిని క్రుంగదీస్తుంది. కొందరిని అన్వేషణకు పురికొల్పుతుంది. ప్రసిద్ధ జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు రెండవ కోవకు చెందినవారు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో వెంకమ్మ, జగన్నాథం దంపతులకు జన్మించారు. మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పినా నిరుత్సాహపడక మూడవసారి ఉత్తీర్ణులయ్యారు. సోదరుడు పురుషోత్తం స్ప్రూ అనే పేగువ్యాధికి బలికావడం ఆయన హృదయాన్ని కలచివేసింది. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతోనే సరిపెట్టుకోవలసి వచ్చింది.

భార్య శేషగిరిని స్వదేశంలో విడిచి ఆయన అమెరికా చేరారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని కొలిచే విధానాన్ని రూపొందించి 1925లో ప్రకటించారు. దాని సాయంతోనే కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని గుర్తించారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏ.టి.పి.ని విడిగా కనుగొన్నారు.

ఏ.టి.పి. కణానికి శక్తినిచ్చే ఇంధనం మాత్రమే కాదు. కైనేజులనే ఎంజైములు దాని నుండి ఫాస్ఫేటును గ్రహించి ప్రోటీన్లకు జతచేస్తాయి. కణంలో ఎన్నో సంకేతాలు ఈ విధంగానే ప్రసరిస్తాయి. ఈ ప్రక్రియ అదుపు తప్పితే అనర్థమే. నాడీకణాలలోని టౌ ప్రోటీనుకు ఫాస్ఫేట్లు మితిమీరి చేరితే అది తన స్థానం వీడి చిక్కుముడులుగా పేరుకుంటుంది. జ్ఞాపకశక్తిని హరించే అల్జీమర్స్ వ్యాధి లక్షణాలలో ఇది ముఖ్యమైనది. ఈ సత్యం సుబ్బారావు మరణానంతరం వెలుగుచూసినా, దాన్ని అర్థం చేసుకోవడానికి ఆధారం ఏ.టి.పి.యే.

హార్వర్డ్‌లో శాశ్వత పదవి లభించక ఆయన 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఏ వ్యాధి సోదరుని బలిగొన్నదో, ఆ వ్యాధికే అది ఔషధమైంది. బోదకాలు నివారణకు వాడే హెట్రజాన్ కూడా ఆ బృందం కృషి ఫలితమే.

1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో ఆయన అమెరికాలోనే కన్నుమూశారు. భార్యను తిరిగి చూడనేలేదు. నేడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెలలో గర్భిణులకు అందే ఐరన్, ఫోలిక్ ఆమ్లం మాత్రలలో ఆయన శ్రమ దాగి ఉంది. పేరు కోరని పరిశ్రమ తరతరాలకు ప్రాణం పోస్తుందనడానికి సుబ్బారావు జీవితమే నిదర్శనం.