యుద్ధ శిబిరమున ఐదు వేళలు

సుల్తాను సలాహుద్దీను పేరు మన విద్యార్థులకు క్రూసేడు యుద్ధముల పాఠములో ఎదురగును. హిత్తీను యుద్ధము, జెరూసలేము పట్టుబడుట, రిచర్డు రాజుతో సంధి, ఇంతవరకు తెలిసిన పరీక్షకు చాలును. అతని దినచర్య పాఠ్యపుస్తకమున కెక్కలేదు. దానిని మనకు చెప్పినవాడు అతని సేనకు న్యాయాధిపతిగా నుండిన బహావుద్దీను ఇబ్న్ షద్దాదు. 1188లో కొలువున చేరి, ప్రభువు కన్నుమూయువరకు సేవించిన ఈ పండితుడు అతని చరిత్ర వ్రాయుచు, విజయములకన్న ముందుగా నమాజును, ఉపవాసమును, దానమును వర్ణించెను. కొలువువాని వ్రాత గనుక ప్రశంస పాలు కొంత యుండక తప్పదు. అయినను ప్రభువు చేయలేకపోయిన వానిని గూడ అతడు దాచలేదు.

సలాహుద్దీను 1137 ప్రాంతమున తిక్రీతులో ఒక కుర్దు కుటుంబమున జన్మించెను. 1169లో ఈజిప్టునకు వజీరయ్యెను. 1174లో డమాస్కసు, 1183లో అలెప్పో, 1187లో జెరూసలేము అతని వశమైనవి. ఆ యేండ్లలో అధిక భాగము గుఱ్ఱముమీదను గుడారములోను గడచినవే.

ఇస్లామున దినమునకు ఐదు వేళల నమాజు విధి. ప్రయాణీకుడు నాలుగు రకాతుల నమాజును రెండుగా కుదించుకొనవచ్చును. శత్రువు ఎదుట నిలిచిన సేన రెండు భాగములై, ఒక భాగము కావలి కాయుచుండగా రెండవది నమాజు చేయు పద్ధతియు కలదు. తీరిక దొరికినప్పుడు చేయుదమను మాటకు ఇందు తావు లేదు. తీరిక లేనివానికొరకే ఈ సౌలభ్యములు ఏర్పడినవి.

సలాహుద్దీను పదిమందితో కలసి నమాజు చేయుటకే ఇష్టపడెడివాడు. జబ్బుపడిన దినములందు ఇమామును పిలిపించుకొని, ఓపిక తెచ్చుకొని లేచి, అతని వెనుక నిలిచెడివాడు. దారిలో వేళయైనచో గుఱ్ఱము దిగెడివాడు. అక్కా కోటకడ పోరు సాగుచున్న కాలమున నడుము మొదలు మోకాళ్లవరకు సెగగడ్డలు లేచి, అతనికి కూర్చుండుటయే దుర్భరమయ్యెను. అయినను ఉదయము మొదలు మధ్యాహ్నపు నమాజువరకును, మరల మూడవజాము మొదలు అస్తమయపు నమాజువరకును గుఱ్ఱమెక్కి దళముల నడుమ తిరిగెను. గడియారము లేని ఆ శిబిరమున పనికి హద్దులు నమాజులే.

1192 జూలై మొదట ఐరోపా సేనలు జెరూసలేమునకు కొద్ది క్రోసుల దూరమున విడిసినవి. కోటలో నుండి పోరుటకు సేనానులు జంకిరి. సుల్తానునకు ఆ రాత్రి నిద్ర లేదు. తోడుగా మేలుకొనియున్న బహావుద్దీను, ఉపాయములు అడుగంటినవి గనుక దైవమునకు విన్నవింపుమని సలహా చెప్పెను. మరునాడు శుక్రవారము. అక్సా మసీదున సుల్తాను సజ్దాలో నుండగా కన్నీరు నమాజు చాపపై పడుట తాను చూచితినని అతడు వ్రాసినాడు. పిమ్మట శత్రువులు వెనుదిరిగిరి. నీటి కొరతయు, వారిలో వారికి పుట్టిన భేదములును కారణములని చరిత్రకారు లందురు.

దినదినము తీర్చదగిన ఋణమును అతడు తీర్చెను. పెద్ద ఋణములు నిలిచినవి. జబ్బులచేతను యుద్ధములచేతను తప్పిన రంజాను ఉపవాసముల లెక్కను అతని మంత్రి అల్ ఖాదీ అల్ ఫాజిలు వ్రాసి యుంచెను. వైద్యుడు వలదన్నను వినక, సుల్తాను ఆ ఉపవాసములను జెరూసలేమున ఆరంభించెను. హజ్జు మాత్రము సాగలేదు. 1192 సెప్టెంబరులో సంధి కుదిరిన పిమ్మట పోదలచెను. వ్యవధి చాలలేదు, చేత ధనమును లేదు. మరుసటి యేటికి వాయిదా పడెను.

1193 ఫిబ్రవరిలో హాజీల బిడారు డమాస్కసునకు తిరిగివచ్చుచుండగా సుల్తాను ఎదురేగెను. ఎప్పుడును విడువని మెత్తని దళసరి అంగీ ఆనాడు ఒంటిమీద లేకుండుట బహావుద్దీను గమనించెను. ఆ రాత్రియే జ్వరము తగిలినది. మార్చి 4వ తేదీన, వేకువ నమాజు వేళ దాటిన పిమ్మట, ప్రాణము పోయెను. ఖజానాలో 47 వెండి దిర్హములు, ఒక్క బంగారు నాణెము ఉండెను. స్పృహ తప్పియున్న కడపటి మూడు దినములలో తప్ప అతడు నమాజు విడువలేదని బహావుద్దీను లెక్క.