పెద్దపాడు నుంచి ముఖ్యమంత్రి కుర్చీ దాకా: దామోదరం సంజీవయ్య జీవితం

హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున సంజీవయ్య పార్కు ఉంది. సెలవు రోజు పిల్లల్ని తీసుకుని అక్కడికి వెళ్లని కుటుంబం తక్కువ. కర్నూలు జిల్లాలో హంద్రీ మీద కట్టిన గాజులదిన్నె ప్రాజెక్టుకు సంజీవయ్య సాగర్ అని పేరు. విశాఖపట్నంలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికీ ఆయన పేరే పెట్టారు. పేరు ఇన్నిచోట్ల కనిపిస్తుంది గానీ, ఆ మనిషి ఎవరు, ఏం చేశారు అని మన పిల్లల్ని అడిగితే చాలామంది చెప్పలేరు. ఆయన మన కర్నూలు మనిషి. దేశంలోనే మొదటి దళిత ముఖ్యమంత్రి. న్యాయం, బాధ్యత, చదువు అనే మూడు మాటలకు అర్థం ఏమిటో తెలుసుకోవాలంటే ఆయన జీవితం ఒక్కటి చూస్తే చాలు.

తండ్రి లేని ఇల్లు

సంజీవయ్య 1921 ఫిబ్రవరి 14న కర్నూలు పక్కనున్న పెద్దపాడులో పుట్టారు. తండ్రి మునిదాసు, తల్లి సుంకులమ్మ. సొంత భూమి సెంటు కూడా లేదు. నేత నేసి, కూలికి పోయి బతికే కుటుంబం. సంజీవయ్య పుట్టిన మూడో రోజే తండ్రి చనిపోయారు. పసిబిడ్డను చంకనేసుకుని సుంకులమ్మ మేనమామ ఇంటికి, పాలకుర్తికి చేరింది. కొన్నాళ్లకు మళ్లీ పెద్దపాడు వచ్చేశారు. పిల్లవాడు చిన్ననాడే పశువులు కాశాడు.

సీమలో ఇలాంటి ఇళ్లు వేలకు వేలు. వాన పడితే పని, లేకపోతే పస్తు. అలాంటి ఇంట్లో పిల్లవాడు బడికి పోవడమంటే ఆ రోజు కూలి పోయినట్టే. పైగా అది అంటరానితనం బహిరంగంగా నడిచిన కాలం. కడజాతి పిల్లవాణ్ని బడిలో పక్కన కూర్చోబెట్టుకోవడానికే ఊళ్లు ఒప్పుకోని రోజులు. అయినా ఆ కుటుంబం సంజీవయ్యను బడి మాన్పించలేదు. అన్న చిన్నయ్య ఇంటి భారం మోశాడు, తమ్ముడు చదువుకున్నాడు. ఒక కుటుంబం పైకి రావాలంటే ఎవరో ఒకరు తన వంతు వదులుకోవాలి. చరిత్రలో ఆ అన్నల పేర్లు పెద్దగా కనిపించవు. మన ఇళ్లలో కూడా తమ్ముళ్ల ఫీజుల కోసం పదో తరగతిలోనే మెకానిక్ షెడ్డుకు పోయిన అన్నలు, రాయచోటి నుంచి, కడప నుంచి కువైట్ విమానం ఎక్కిన అన్నలు ఎంతమంది లేరు?

చదువు వేసిన దారి

ఊళ్లో నాలుగో తరగతి దాకా చదివి, తర్వాత కర్నూలులోని అమెరికన్ బాప్టిస్టు మిషన్ బడిలో చేరారు. 1935లో మునిసిపల్ హైస్కూలుకు వచ్చారు. 1938లో ఎస్.ఎస్.ఎల్.సి. రాస్తే జిల్లాకే ఫస్టు. అక్కడి నుంచి అనంతపురంలోని దత్తమండల కళాశాల. ఇప్పటి పిల్లలకు ఈ పేరు వింతగా ఉండొచ్చు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఇంగ్లిషు కంపెనీకి అప్పగించాడు కాబట్టి దీన్ని దత్తమండలం అనేవారు. రాయలసీమ అనే పేరు 1928 నంద్యాల సభ తర్వాతే వాడుకలోకి వచ్చింది. ఆ రోజుల్లో సీమలో డిగ్రీ కాలేజీలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సంజీవయ్య అక్కడ లెక్కలు, ఖగోళశాస్త్రం చదివి 1942లో డిగ్రీ పూర్తి చేశారు.

డిగ్రీ ఉన్నా ఉద్యోగం చేతికి రాలేదు. రెండో ప్రపంచ యుద్ధం రోజులవి. రేషనింగ్ ఆఫీసులో గుమాస్తాగా, ఇంకా అలాంటి తాత్కాలిక కొలువుల్లో నెట్టుకొచ్చారు. తర్వాత మద్రాసు వెళ్లి లా కాలేజీలో చేరారు. ఖర్చులకు డబ్బు లేక, ఒక పక్క లా చదువుతూ ఇంకో పక్క బడిలో పిల్లలకు లెక్కలు చెప్పారు. 1948లో లా పట్టా వచ్చింది. 1950లో లాయరుగా పేరు నమోదు చేయించుకున్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే కర్నూలులో ఇంకో దీపం వెలిగింది. కర్నూలు వాసి, విద్యావేత్త డాక్టర్ అబ్దుల్ హక్ సాహెబ్ 1947లో ఉస్మానియా కాలేజీ స్థాపించారు. నేడు కర్నూలు ఉర్దూ విశ్వవిద్యాలయం ఆయన పేరు మీదే ఉంది. ఒకరు కడజాతి గుడిసెలోంచి చదువుకుని పైకి వచ్చారు, ఇంకొకరు తన వాళ్ల పిల్లల కోసం కాలేజీ గేటు తెరిచారు. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే కాలం. చదువు లేని సమాజానికి న్యాయం ఎవరూ పళ్లెంలో పెట్టి ఇవ్వరని ఇద్దరి జీవితాలూ చెబుతాయి.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు

లాయరుగా నిలదొక్కుకోక ముందే రాజకీయం పిలిచింది. 1950లో తాత్కాలిక పార్లమెంటుకు సభ్యుడయ్యారు. 1952 ఎన్నికల్లో మద్రాసు శాసనసభకు గెలిచి, రాజాజీ మంత్రివర్గంలో చేరారు. అప్పటికి వయసు 31.

ఆ మరుసటి ఏడాది, 1953లో, రాజాజీ ప్రభుత్వం ఒక విద్యా పథకం తెచ్చింది. పిల్లలు పూటలో సగం బడిలో ఉండి, మిగతా సగం ఇంట్లో తండ్రి పని నేర్చుకోవాలన్నది దాని సారాంశం. కమ్మరి కొడుకు కమ్మరం, సాలె కొడుకు నేత. తమిళనాట పెద్ద గొడవ జరిగింది. 1954లో రాజాజీ పదవి వదులుకున్నారు, కామరాజ్ వచ్చి పథకాన్ని ఎత్తేశారు. పుట్టిన ఇంటి పనే పిల్లవాడి తలరాత కావాలా అనేది ఆ గొడవలోని అసలు ప్రశ్న. పశువులు కాసిన పిల్లవాడు లెక్కల్లో డిగ్రీ తీసుకుని మంత్రి కావడమే ఆ ప్రశ్నకు జవాబు. ఆ జవాబు ఆ మంత్రివర్గంలోనే కూర్చుని ఉంది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. కర్నూలు రాజధాని అయింది. 1956 నవంబరు 1న హైదరాబాద్ రాజధానిగా ఆంధ్రప్రదేశ్ ఏర్పడే దాకా, అంటే మూడేళ్లు, కర్నూలులో డేరాల్లో ఆఫీసులు నడిచాయి. పశువులు కాసిన కుర్రవాడి ఊరి పక్కనే ప్రభుత్వం వచ్చి కూర్చుంది. 1954లో ఆయన కృష్ణవేణమ్మను పెళ్లి చేసుకున్నారు. ఆమె టీచరు.

రెండేళ్ల ముఖ్యమంత్రి

నీలం సంజీవరెడ్డి జాతీయ కాంగ్రెస్ అధ్యక్షుడిగా వెళ్లడంతో ముఖ్యమంత్రి కుర్చీ ఖాళీ అయింది. వర్గాల మధ్య పోటీ గట్టిగా ఉంది. ఆ పరిస్థితిలో 1960 జనవరి 11న సంజీవయ్య ముఖ్యమంత్రి అయ్యారు. ఇంకా 39 ఏళ్లు నిండలేదు. 1962 మార్చి 12 దాకా, అంటే రెండేళ్ల రెండు నెలలు ఆ పదవిలో ఉన్నారు. వెనక సొంత వర్గం లేదు, డబ్బు లేదు, కులబలం లేదు. ఎప్పుడు దింపేస్తారో తెలియని కుర్చీ. మరి అలాంటి మనిషి ఏం చేయగలడు?

ఆయన చేసిన పనుల్లో రెండింటిని గుర్తుపెట్టుకోవాలి. ఒకటి, 1960లో మొదలైన వృద్ధాప్య పింఛను. రెండోది, 1961 జనవరి 2న ఏర్పడిన అవినీతి నిరోధక శాఖ, అంటే ఇప్పుడు మనం ఏసీబీ అని పిలిచేది. ఇవి కాక బంజరు భూముల పంపిణీ, వెనుకబడిన వర్గాలకు రిజర్వేషన్లు కూడా ఆయన పాలనలో ముందుకు సాగాయి.

పింఛను వెనక ఒక కథ చెప్పుకుంటారు. కొడుకు నెలనెలా తల్లికి కొంత డబ్బు పంపేవారట. నాకు నువ్వున్నావు సరే, కొడుకులు పట్టించుకోని ముసలివాళ్ల సంగతేమిటని సుంకులమ్మ అడిగిందట. అక్కడి నుంచే పింఛను ఆలోచన పుట్టిందని పెద్దవాళ్లు అంటారు. కథ సంగతి ఎలా ఉన్నా, అందులోని ప్రశ్న మాత్రం అసలైనది.

దానం వేరు, హక్కు వేరు

ఆ ప్రశ్న దగ్గర కాస్త ఆగుదాం. పేదవాడికి సాయం చేసే పద్ధతులు రెండు. పెద్దమనిషి మనసు కరిగితే జేబులోంచి తీసి ఇవ్వడం ఒకటి. ఇచ్చినవాడి చేయి పైన ఉంటుంది, తీసుకున్నవాడు తల వంచుకోవాలి. రేపు ఆ పెద్దమనిషి మనసు మారితే అడిగే దిక్కు ఉండదు. అర్హత ఉన్న ప్రతి ఒక్కరికీ చట్టప్రకారం, ఖజానా నుంచి చేరేలా ఏర్పాటు చేయడం రెండోది. అప్పుడు ముసలమ్మ ఎవరికీ సలాం కొట్టక్కర్లేదు. మనవాళ్లకు ఈ తేడా కొత్తేమీ కాదు. జకాత్ ఇచ్చేవాడు ఉపకారం చేస్తున్నట్టు కాదు, తన సొమ్ములో ఉన్న పేదవాడి వాటాను వాడికి చేరుస్తున్నట్టు అని మన పెద్దలు చెబుతూనే ఉంటారు.

సంజీవయ్య పాలనలోని ఆలోచన కూడా ఇదే దారిలో నడిచింది. తన కులంవాళ్లకు, తన ఊరివాళ్లకు అడిగినవన్నీ ఇచ్చి పేరు తెచ్చుకోవచ్చు. చాలామంది నాయకులు చేసేది అదే. ఆయన వ్యవస్థలు కట్టారు. రెండేళ్లకే పదవి పోయింది, కానీ పింఛను పోలేదు. ఇవాళ కర్నూలులో, కడపలో పింఛను అందుకునే ముసలివాళ్లకు ఆయన ఎవరో తెలియకపోవచ్చు. తెలియాల్సిన అవసరం కూడా లేదు. ఇచ్చినవాడి పేరు తెలియకపోయినా చేతికి అందేదే హక్కు.

పదవి ఒక అమానత్

ఏసీబీ సంగతి ఇంకొంచెం లోతైనది. ముఖ్యమంత్రి అవినీతి మీద నిఘా శాఖ పెట్టడమంటే తన సొంత ప్రభుత్వం మీదే కన్ను పెట్టడం. దాంతో స్నేహితులు పెరగరు, శత్రువులు పెరుగుతారు. లంచం అందరికన్నా ఎక్కువగా కొట్టేది పేదవాణ్నే. ఉన్నవాడు లంచమిచ్చి పని చేయించుకుంటాడు. లేనివాడు పట్టా కోసం, రేషన్ కార్డు కోసం ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి ఊరుకుంటాడు. అందుకే అవినీతి మీద పోరాటం కూడా న్యాయంలో భాగమే.

తన ఇంటి విషయంలోనూ ఆయన అలాగే ఉన్నారు. కొడుకు ముఖ్యమంత్రి అయ్యాక కూడా తల్లి పెద్దపాడులో పాత ఇంట్లోనే కట్టెల పొయ్యి మీద వండుకునేదని జిల్లాలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మన ఇళ్లలో ఒకరి సొమ్ము మన దగ్గర దాచితే అమానత్ అంటాం, దాన్ని ముట్టుకోం. పదవిని ఆయన అలా చూశారు.

పదవి పోయాక

1962 ఎన్నికల తర్వాత సంజీవరెడ్డి మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. సంజీవయ్య ఢిల్లీ వెళ్లి కాంగ్రెస్ జాతీయ అధ్యక్షుడయ్యారు. ఆ పదవిలో కూర్చున్న మొదటి దళితుడు ఆయనే. 1964లో లాల్ బహదూర్ శాస్త్రి మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. ఆయన హయాంలోనే 1965లో బోనస్ చెల్లింపు చట్టం వచ్చింది. లాభం వచ్చినా రాకపోయినా కార్మికుడికి కనీసం 4 శాతం బోనస్ ఇవ్వాలని అది చెప్పింది. పండుగకు యజమాని దయతలచి ఇచ్చే బక్షీసు చట్టంలో రాసిన వాటాగా మారింది. ఇక్కడా అదే ఆలోచన. ఇందిరాగాంధీ ప్రభుత్వంలోనూ మంత్రిగా పనిచేశారు. 1971లో మళ్లీ కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. ఆ బాధ్యతల్లో ఉండగానే 1972 మే 7న ఢిల్లీలో గుండెపోటుతో చనిపోయారు. అప్పటికి 51 ఏళ్లే.

మనం ఏం తీసుకోవాలి

రాజ్యాంగం 1950లో ఒక మాట ఇచ్చింది. పదేళ్లలో, అంటే 1960 కల్లా, 14 ఏళ్ల లోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించడానికి ప్రభుత్వం ప్రయత్నించాలని. ఆ గడువు వచ్చిన ఏడాదే సంజీవయ్య ముఖ్యమంత్రి అయ్యారు. అది నెరవేరలేదు. విద్యాహక్కు చట్టం అమల్లోకి రావడానికి 2010 దాకా ఆగాల్సి వచ్చింది. రాజ్యం ఆలస్యం చేస్తే ఒక తరం కాదు, రెండు మూడు తరాలు నష్టపోతాయి.

ఇప్పుడు చట్టం ఉంది. దూదేకుల వారికి బీసీ జాబితాలో చోటు ఉంది. 2007 నుంచి బీసీ ఇ కింద వెనుకబడిన ముస్లిం వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ ఉంది. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది కూడా. తలుపు సగం తెరిచి ఉంది, ఎప్పుడు మూసుకుంటుందోనన్న భయమూ ఉంది. కాబట్టి తెరిచి ఉన్నన్నాళ్లు లోపలికి నడవాల్సింది మన పిల్లలే. సర్టిఫికెట్ సమయానికి తీసుకోక సీటు పోగొట్టుకునే పిల్లలు, టెన్త్‌లో మంచి మార్కులొచ్చినా పెళ్లి సంబంధం వచ్చిందని ఇంట్లో కూర్చోబెట్టిన ఆడపిల్లలు మన మొహల్లాల్లో ఎందరో. ప్రభుత్వం చేయని న్యాయాన్ని గట్టిగా అడగాలి. ఇంట్లో మనమే చేస్తున్న అన్యాయాన్నీ ఆపాలి. రెండోది ఆపకుండా మొదటిది అడిగితే మన గొంతుకు బలం ఉండదు.

చదువుకున్న పిల్లల మీదా ఒక బాకీ ఉంది. ఇంట్లో ఒక అన్న చదువు మానేస్తే తమ్ముడు చదివాడు. పైకి వచ్చిన ఆ తమ్ముడు తన ఇంటితో ఆగకుండా, కొడుకుల్లేని ముసలివాళ్ల గురించి, రోజుకూలి గురించి ఆలోచించాడు. డాక్టరైనా, టీచరైనా, వార్డు మెంబరైనా మన పిల్లలు తమ వెనక నిలబడిన పిల్లవాడి కోసం ఒక్క మెట్టయినా కట్టి పోవాలి. ఈసారి సంజీవయ్య పార్కుకు వెళ్లినప్పుడు, గాజులదిన్నె నీళ్లు చూసినప్పుడు, పిల్లలకు ఆయన కథ చెప్పండి. పెద్దపాడు ఎంత దూరమో కూడా చెప్పండి. కర్నూలు నుంచి చాలా దగ్గరే.