ఫ్రాంక్ కాప్రా: కూలిన దుప్పటి గోడ, కూలని రంగు గోడ

ప్రేమకు పేద, ధనిక తేడా లేదని సినిమాలు మనకు ఎప్పటినుంచో చెబుతున్నాయి. హాలీవుడ్‌లో ఆ కథను నవ్వులతో నడిపి జనానికి అలవాటు చేసినవాళ్లలో ఫ్రాంక్ కాప్రా ముఖ్యులు. ఆయన ఏ గీత దాటారో, ఏ గీత దగ్గర ఆగారో రెండూ మనం తెలుసుకోవాలి.

కాప్రా 1897 మే 18న ఇటలీలోని సిసిలీ దీవిలో, బిసాక్వీనో అనే ఊళ్లో పుట్టారు. 1903లో ఆ కుటుంబం ఓడలో అన్నిటికన్నా చవకైన తరగతిలో అమెరికాకు వలస వెళ్లింది. లాస్ ఏంజెలెస్ వీధుల్లో పేపర్లు అమ్ముతూ ఆయన చదువుకున్నారు. 1918లో కెమికల్ ఇంజనీరింగ్ పట్టా తీసుకున్నా, చిల్లర పనులతో బతుకీడ్చి చివరికి సినిమాల్లోకి వచ్చారు. అప్పటికి చిన్న కంపెనీ అయిన కొలంబియాలో దర్శకుడిగా నిలదొక్కుకున్నారు.

మహా మాంద్యంలో లక్షలాది మంది పని కోల్పోయిన కాలంలో, 1934 ఫిబ్రవరిలో 'ఇట్ హ్యాపెన్డ్ వన్ నైట్' విడుదలైంది. తండ్రిని ఎదిరించి పారిపోయిన కోటీశ్వరుడి కూతురు, ఉద్యోగం ఊడిన విలేకరి న్యూయార్క్ వెళ్లే బస్సులో కలుస్తారు. ఒకే గదిలో రాత్రి గడపాల్సి వచ్చి, మంచాల మధ్య తాడు కట్టి దుప్పటి వేలాడదీస్తారు. చివర్లో ఆ దుప్పటి గోడ కూలుతుంది. ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటుడు, నటి, స్క్రీన్‌ప్లే, మొత్తం ఐదు ఆస్కార్లూ ఆ సినిమాకే వచ్చాయి. 1956లో హిందీలో వచ్చిన 'చోరీ చోరీ'కి మూలం ఈ కథే.

అయితే 1930లో హాలీవుడ్ రాసుకున్న నియమావళి తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ మధ్య శృంగార సంబంధాన్ని తెర మీద చూపకూడదంది. 1934 మధ్య నుంచి దాన్ని గట్టిగా అమలు చేశారు. అంటే కోటీశ్వరుడి కూతురు నిరుద్యోగిని ప్రేమించవచ్చు, అతను తెల్లవాడైతేనే. ఆ బస్సు తిరిగిన దక్షిణ రాష్ట్రాల్లో నల్లజాతి ప్రయాణికులను వేరుగా కూర్చోబెట్టే చట్టాలుండేవి. కథ ఆ ఊసెత్తదు.

రెండో ప్రపంచ యుద్ధంలో కాప్రా సైన్యం కోసం సినిమాలు తీశారు. 1944లో ఆయన నిర్మించిన 'ది నీగ్రో సోల్జర్'కు నల్లజాతి రచయిత కార్ల్‌టన్ మాస్ రచన చేశారు. అప్పటిదాకా తెర మీద నౌకర్లుగా, నవ్వులాటగా కనిపించిన మనుషులు అందులో గౌరవంగా కనిపించారు. కానీ నల్ల సైనికులను వేరు దళాల్లో ఉంచిన పద్ధతిని ఆ సినిమా ప్రశ్నించలేదు. దాన్ని రద్దు చేసే ఉత్తర్వు 1948లో గానీ రాలేదు. తెల్ల, నల్ల వివాహాలపై నిషేధాలను అమెరికా సుప్రీంకోర్టు 1967లో కొట్టేసింది. కాప్రా 1991లో కన్నుమూశారు.

మన తెర మీదా ధనిక అమ్మాయి, పేద అబ్బాయి కథలు కోకొల్లలు. ఆ అబ్బాయి కులం ఏమిటో చాలా సినిమాలు చెప్పవు. కులం పోవాలంటే కులాంతర వివాహాలే అసలు మందని అంబేడ్కర్ 1936లోనే రాశారు. డబ్బు గోడ కూలినప్పుడు మనం చప్పట్లు కొడదాం. పక్కనే నిలబడి ఉన్న గోడను ఎందుకు చూపలేదో కూడా అడుగుదాం.