తుళ్లూరు పక్కనే ఒక రాజగురువు: విశ్వేశ్వర శివాచార్యుల కథ



ఈ వారం వీడియోలో మల్కాపురం శాసనం గురించి గబగబా చెప్పేశాను. అందులో పట్టని కథ ఇక్కడ తీరిగ్గా చెప్తాను. దానికి ముందు నేను చేసిన ఒక తప్పు ఒప్పుకోవాలి.

పోయిన కార్తీకమాసంలో మా అపార్ట్‌మెంట్‌లో అన్నసంతర్పణ పెట్టుకున్నాం. వడ్డన బాధ్యత నాదే. ఆ రోజు పొద్దున్నే అరగంట ధ్యానం చేశాను, శివోహం అనుకుంటూ. మధ్యాహ్నం మొదటి బంతిలో, మా మెట్లు తుడిచే ఆవిడ కూతుర్ని పక్కన పెట్టుకుని విస్తరి ముందు కూర్చుంది. నేను వెళ్లి, ఆఖరి బంతిలో కూర్చోమని మెల్లగా చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. పిల్ల చెయ్యి పట్టుకుని లేచింది. ఆఖరి బంతికి రాలేదు.

సంక్రాంతికి తుళ్లూరులో అమ్మమ్మ వాళ్లింటికి వెళ్లినప్పుడు కూడా అది నన్ను వదల్లేదు. అక్కడి నుంచి మందడం వైపు వెళ్తే మల్కాపురం వస్తుంది. అక్కడ ఒక రాతి స్తంభం, దాని మీద నంది. చిన్నప్పుడు ఎన్నోసార్లు ఆ దారిన వెళ్లాను, పట్టించుకోలేదు. ఈసారి ఆగాను.

గౌడదేశం నుంచి కృష్ణ ఒడ్డుకు

విశ్వేశ్వర శివాచార్యులు తెలుగువారు కాదు. గౌడదేశంలో, అంటే ఇప్పటి బెంగాల్ ప్రాంతంలో, దక్షిణ రాఢలోని పూర్వగ్రామంలో పుట్టారు. గురువు ధర్మశంభువు. వీళ్లది గోళకీ మఠం పరంపర. నర్మదా తీరపు దాహళ మండలంలో కలచురి రాజు యువరాజదేవుడు సద్భావశంభువుకు మూడు లక్షల గ్రామాలు భిక్షగా ఇచ్చాడని, ఆయన వాటితో ఆ మఠాన్ని నిలబెట్టాడని శాసనం చెప్తుంది. శైవపూజా పద్ధతి రాసిన సోమశంభువు కూడా ఈ పరంపరలోని వారే.

అంత పెద్ద పరంపర నుంచి వచ్చిన ఆయన కాకతీయ గణపతిదేవుడికి దీక్షాగురువు అయ్యారు. దీక్ష ఇచ్చిన గురువు తండ్రితో సమానం కాబట్టి, గణపతిదేవుడు తనను ఆయన కొడుకుగానే భావించుకున్నాడు. చోళ, మాళవ రాజులు కూడా ఆయన శిష్యులేనని శాసనం అంటుంది. రాజు విద్యామండపంలో జటలతో, కుండలాలతో కూర్చున్న ఆయన రూపాన్ని కూడా వర్ణిస్తుంది.

వెలనాటిలోని మందడం గ్రామాన్ని గురువుకు ఇస్తానని గణపతిదేవుడు మాట ఇచ్చాడు. ఆ మాటను 1261లో శాసనం చేసి నెరవేర్చింది ఆయన కూతురు రుద్రమదేవి. మందడంతో పాటు వెలగపూడిని, కృష్ణ లంక భూములను కూడా కలిపి ఇచ్చింది. అవును, ఇప్పుడు మన సచివాలయం ఉన్న వెలగపూడే!

ఆ భూమితో ఏం చేశారు?

నన్ను కదిలించింది ఇక్కడే. ఆయన ఆ ఆదాయాన్ని తన దగ్గర ఉంచుకోలేదు. విశ్వేశ్వరుడికి గుడి కట్టించారు. మఠం పెట్టారు. విశ్వేశ్వర గోళకి అనే అగ్రహారం ఏర్పరచి అరవై బ్రాహ్మణ కుటుంబాలకు భూములిచ్చారు. మిగతా దాన్ని మూడు భాగాలు చేశారు. ఒక భాగం శివుడి పూజకు. ఒక భాగం విద్యార్థులకు, శైవమఠానికి. ఇక మూడోది ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, సత్రానికి.

760 ఏళ్ల కిందట, ఇక్కడ ఒక సన్యాసి ఆడవాళ్ల పురుడు గురించి ఆలోచించి దానికి విడిగా భూమి కేటాయించాడంటే మామూలు విషయమా? విద్యాశాలలో వేదాలు చెప్పడానికి ముగ్గురు, వ్యాకరణం, మీమాంస, తర్కం, సాహిత్యం, ఆగమం చెప్పడానికి అయిదుగురు. జబ్బు చూడ్డానికి వైద్యుడు, లెక్కలు రాయడానికి కాయస్థుడు.

ఇక సత్రం. అక్కడ బ్రాహ్మణుడి నుంచి చండాలుడి వరకు వచ్చిన ప్రతి మనిషికీ, ఏ వేళకు వచ్చినా అన్నం పెట్టాలని శాసనం నిర్దేశిస్తుంది. రాయి మీద చెక్కించిన మాట అది. తర్వాత ఎవరూ మార్చడానికి వీల్లేకుండా అన్నమాట.

దీన్ని ఇవాళ్టి సమానత్వంగా చెప్పి మిమ్మల్ని మోసం చెయ్యను. అగ్రహారం బ్రాహ్మణులకే. వర్ణభేదం ఆ ఊళ్లో పోలేదు. కానీ ఆకలితో వచ్చినవాణ్ణి మాత్రం ఎవరివని అడగకూడదు. ఆ ఒక్క గీత ఆయన గట్టిగా గీశారు. నేను నా అపార్ట్‌మెంట్‌లో ఆ గీత కూడా దాటేశాను.

ద్వైతమా, అద్వైతమా?

మనలో చాలామంది శైవం అంటే అద్వైతమే అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. కానీ గోళకీ మఠం వారిది శైవసిద్ధాంతం. పతి అంటే శివుడు, పశువు అంటే జీవుడు, పాశం అంటే జీవుణ్ణి కట్టేసిన బంధం. ఈ మూడూ వేరువేరు. ముక్తి పొందిన జీవుడు శివుడితో సమానమవుతాడు, శివుడిలో కలిసిపోడు. జీవుడే శివుడని చెప్పింది అద్వైత శైవం. దాన్ని కాశ్మీరంలో సుమారు వెయ్యేళ్ల కిందట శిఖరానికి చేర్చినవారు అభినవగుప్తులు.

తేడా అర్థం కావాలంటే మా అమ్మమ్మ కళ్ల సంగతి చెప్పాలి. ఒకసారి కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుని ఇల్లంతా వెతికింది. నీ నుదుటి మీదే ఉంది అని చెప్పగానే సరిపోయింది. అద్వైత శైవం చెప్పేది ఇలాంటిది. పోయింది ఏమీ లేదు, మరిచిపోయావంతే. గుర్తుపడితే చాలు.

తర్వాత ఆవిడకి శుక్లం వచ్చింది. శుక్లం ఉందని తెలుసుకుంటే చూపు రాదు కదా! డాక్టరు తీయాల్సిందే. సిద్ధాంతులు మలం గురించి చెప్పేది ఇదే. జీవుణ్ణి కప్పిన మలం నిజంగా ఉన్న ఒక పొర. తెలుసుకున్నంత మాత్రాన పోదు. దీక్ష అనే క్రియతో, గురువు చేతిమీదుగా, శివుడే తీయాలి. ఆ తర్వాత కూడా రోజూ పూజ చెయ్యాలి.

ఇంత తేడా ఉన్నా రెండు దారులకీ ఉమ్మడి నేల ఉంది. ముప్ఫై ఆరు తత్త్వాల లెక్క ఇద్దరిదీ. న్యాసంతో తన దేహాన్ని శివమయం చేసుకున్నాకే శివుణ్ణి పూజించాలనే నియమమూ ఇద్దరిదీ. పూజ సాగినంతసేపూ ద్వైతి కూడా శివుడిగానే కూర్చుంటాడు.

నాకు అనిపించింది చెప్తాను. నేను పొద్దున కళ్లజోడు దొరికిందనుకున్నాను. మధ్యాహ్నం అన్నం దగ్గర తెలిసింది, శుక్లం అలాగే ఉందని. శివోహం అనేది నిజమైతే ఆ విస్తరి ముందు కూర్చున్న పిల్ల కూడా శివుడే. నిజం కాకపోతే ఆ పిల్లను లేపడానికి నేనెవర్ని? ఏ సిద్ధాంతం లెక్కన చూసినా నేను చేసింది తప్పే.

ఊరికి వెళ్లి వచ్చాక ఆవిడకి క్షమాపణ చెప్పాను. ఎప్పుడో మర్చిపోయానని నవ్వేసింది. మర్చిపోలేదని నాకు తెలుసు.

మీ సాధన ఏదైనా సరే, ఈ వారం ఒక్క పని చెయ్యండి. ధ్యానం అయ్యాక ఆ రోజు మీకు ఎదురైన మొదటి మనిషిని మీరు ఎలా పలకరించారో రాత్రికి గుర్తు చేసుకోండి. నేను చేస్తున్నాను. చాలా రోజులు సిగ్గుగానే ఉంటోంది.

మళ్లీ కార్తీకం వస్తుంది. మొదటి బంతికి రమ్మని ఆవిడని ముందే పిలుస్తాను. వస్తుందో లేదో ఆవిడ ఇష్టం. వస్తే మాత్రం ఆ విస్తట్లో మొదట వడ్డించేది నేనే.

హర హర మహాదేవ.