పెద్ద ఇంజిన్లకు చెమటలు పట్టించిన గేర్‌బాక్స్

ఎక్కువ పవర్ ఉన్న కారుకు ఏ ట్రాన్స్‌మిషన్ ఎంచుకుంటారు? మెకానికల్, ఆటోమొబైల్ చదివిన మీకు ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న ఎదురు కావొచ్చు. మాన్యువల్, టార్క్ కన్వర్టర్, డ్యూయల్ క్లచ్ అంటూ పేర్లు వల్లె వేస్తే సరిపోదు. ఇంజిన్‌లో పుట్టిన శక్తి చక్రాల దాకా ఎంత చేరుతోందన్నదే అసలు లెక్క. ఆ లెక్క 21 ఏళ్లకే పట్టేసిన కుర్రాడు లూయీ రెనో. మనం రెనాల్ట్ అని పిలిచే కార్ల మీదున్నది ఇతని ఇంటిపేరే.

1877లో పారిస్‌లో పుట్టాడు. నాన్న బట్టలు, గుండీల వ్యాపారి. లూయీకి క్లాసు పుస్తకాలకన్నా యంత్రాలంటేనే ఇష్టం. పేరున్న ఇంజినీరింగ్ కాలేజీలో సీటు రాలేదు. అయినా ఊరుకున్నాడా? బియ్యాంకూర్‌లో తమ ఇంటి తోటలోని షెడ్డులో పనిముట్లు పెట్టుకుని కూర్చున్నాడు.

అప్పట్లో చాలా కార్లలో చక్రాలను తిప్పేది చెయిన్లు, బెల్టులే. చప్పుడు ఎక్కువ, దారిలో వృథా అయ్యే శక్తీ ఎక్కువే. లూయీ వాటి బదులు షాఫ్ట్ పెట్టాడు. మూడు గేర్లలో పైగేరు వేస్తే ఇంజిన్ వైపు షాఫ్టు, వెనక చక్రాలకు వెళ్లే షాఫ్టు నేరుగా కలిసిపోతాయి. మధ్యలో పళ్లచక్రాల మీద భారం ఉండదు. ఇదే డైరెక్ట్ డ్రైవ్. 1898 డిసెంబరు 24న ఆ చిన్న బండితో పారిస్‌లోని నిటారైన లెపిక్ వీధి ఎక్కి చూపించాడు. అక్కడికక్కడే ఆర్డర్లొచ్చాయి. 1899లో పేటెంట్ తీసుకున్నాడు, అన్నలతో కలిసి కంపెనీ పెట్టాడు.

1902లో పారిస్-వియన్నా రేసు. ప్రత్యర్థుల ఇంజిన్లలో కొన్నింటి బలం వీళ్లదానికి రెట్టింపుకు మించి ఉంది. దారిలో ఆల్ప్స్ కొండలు. అయినా గెలిచింది అన్న మార్సెల్ నడిపిన తేలికపాటి రెనో. మరుసటి ఏడాదే పారిస్-మాడ్రిడ్ రేసులో మార్సెల్ ప్రాణాలు పోయాయి. లూయీ ఇక తాను రేసుల్లో నడపలేదు.

కానీ పని ఆపలేదు. 1906లో లె మాన్ దగ్గర జరిగిన తొలి గ్రాండ్ ప్రి నాటికి రెనో దగ్గరా 90 హార్స్‌పవర్ కారుంది. ఫియట్, మెర్సిడెస్ ఇంకా చెయిన్‌నే వాడుతుంటే రెనో షాఫ్టునే నమ్ముకుంది. ఒకప్పుడు లూయీ పక్కన మెకానిక్‌గా కూర్చున్న ఫెరెంత్స్ సిస్ దాన్ని నడిపి గెలిచాడు. టైర్లు చకచకా మార్చేందుకు వీలైన మిషెలిన్ రిమ్ములూ కలిసొచ్చాయి.

ఆయన చివరి రోజులు మాత్రం చేదువే. జర్మన్ ఆక్రమణ కాలంలో ఫ్యాక్టరీ వాళ్ల సైన్యానికి పనిచేసిందన్న ఆరోపణపై 1944లో అరెస్టయ్యాడు. విచారణ జరగకుండానే అక్టోబరులో చనిపోయాడు.

మరి మీరు? ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న వస్తే కంగారు పడొద్దు. ముందు కాగితం మీద ఇంజిన్ నుంచి చక్రం దాకా గీత గీయండి. టార్క్ ఎంత, క్లచ్ ఎంత తట్టుకుంటుంది, బరువెంత, ఎక్కడెంత పోతోంది... ఒక్కొక్కటీ చెప్పండి. గేర్‌బాక్స్ పేరు ఆఖర్న చెప్పినా ఫర్వాలేదు, ఎందుకో చెప్పగలిగితే చాలు.